మధ్య అంతస్తు మనిషి

ఆ వీధిలో ఆమెని అందరూ చెవులక్క అనేవాళ్లు. నాలుగు వీధుల అవతల ఉన్న చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. మనిషిని గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఒక్కో శబ్దమే వినిపిస్తుంది. వినపడితే చెయ్యెత్తాలి. అంతే పరీక్ష.

ఇందులో ఏముంది అనుకుంటారు గానీ, పదమూడేళ్లుగా ఆ కిటికీకి ఇవతల కూర్చున్న చెవులక్కకి ఒక సంగతి బాగా తెలుసు. శబ్దం లేనప్పుడు కూడా చెయ్యెత్తేవాళ్లుంటారు. అందుకే మధ్యమధ్య ఏమీ వినిపించకుండా ఊరుకుంటుంది. ఐదు సెకన్లు, ఒక్కోసారి ఎనిమిది. లోపలి మనిషి కాసేపు ఆమె మొహంలోకి చూస్తాడు, కాసేపు నేలకేసి చూస్తాడు, తర్వాత మెల్లిగా చెయ్యి లేస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయిలు చూసి కిసుక్కున నవ్వుతారు. ఆమె నవ్వదు.

"అది అబద్ధం కాదమ్మా, భయం. వినపడలేదంటే ఏమవుతుందోనని" అంటుంది. కాగితం మీద చిన్న సున్నా చుట్టి తర్వాతి శబ్దానికి వెళ్లిపోతుంది.

ఇంత తెలిసిన మనిషి, తను కూడా ఇంట్లో ఎనిమిదేళ్లుగా శబ్దం లేని చోట చెయ్యెత్తుతూనే ఉందని గుర్తుపట్టలేదు. వాకిట్లో ‘ఇల్లు అమ్మబడును’ అని బోర్డు పాతేదాకా.

ఆ ఇల్లు మూడంతస్తుల ఇరుకు ఇల్లు. ఇటూ అటూ పక్కిళ్లతో గోడలు పంచుకుని, బస్సులో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న మూడో మనిషిలా ఉంటుంది. వీధి వెడల్పు తక్కువ, సందడి ఎక్కువ. ఎదురుగా మంగలి షాపు, దాని పక్కన చెప్పులు కుట్టే ఆయన, ఆ పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే అన్నదమ్ములు. ఒక్కో కొట్టు బోర్డు ఒక్కో లిపిలో ఉంటుంది. పలకరింపులకైతే ఎవరి భాష వాళ్లదే. తిట్లు మాత్రం అందరికీ అందరి భాషల్లోనూ వచ్చు. వీధి చివర పిల్లల స్కూలు. చెవులక్క గుమ్మం నుంచి ఆ స్కూలు గేటుకి నాలుగు నిమిషాల పది సెకన్లు. పరుగెత్తితే రెండున్నర. ఆ లెక్క ఆమె వాచీ పెట్టి చూసుకున్నదే. ఆసుపత్రి నుంచి స్కూలుకి ఆరు నిమిషాలు. అదీ చూసుకుంది.

ఎందుకంటే ‘చిన్నది’ అని పిలుచుకునే ఒక్కగానొక్క కూతురికి ఆయాసం ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మొహం తెల్లబడి, భుజాలు పైకి లేస్తాయి. టీచరుకి మందు ఎక్కడుందో తెలుసు, ఎలా పీల్పించాలో తెలుసు. తెలిసినా సరే, ఫోన్ మోగితే చెవులక్క గుండె చేతిలో పట్టుకుని పరిగెడుతుంది. ఆ నాలుగు నిమిషాల పది సెకన్ల మీదే ఆమె సంసారమంతా నిలబడి ఉంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. తెల్లారి ఐదింటికి మొదటి బండి ఎక్కితే, మధ్యాహ్నం దాకా ఊరికి ఏ మూల ఉంటాడో ఆయనకే తెలియదు.

వీళ్లు మధ్య అంతస్తులో అద్దెకి దిగి పదకొండేళ్లు. కింది అంతస్తులో ఇంటాయన, పై అంతస్తులో ఆయన చెల్లెలు. తండ్రి కట్టించిన ఇల్లు కాబట్టి ఇద్దరికీ సమానమైన హక్కు. చెవులక్క ఆయన్ని బాబాయ్ అనీ, ఆవిడని అత్తయ్య అనీ పిలిచేది. బాబాయ్ నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషి. భార్య పోయింది. అత్తయ్య పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు వేరుచేసింది, పెళ్లి చేసుకోలేదు. ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే గుమ్మం వాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. వీళ్లు అద్దెకి దిగేనాటికే మాటలు పోయి పద్నాలుగేళ్లు.

దానికో కారణం ఉంది. తండ్రి మంచాన పడ్డప్పుడు కింది అంతస్తులో ఉండేవాడు. మధ్యలో కొడుకు, పైన కూతురు. మూడు స్నానాల గదుల్లోంచీ ఒకే ఇనప నీళ్ల పైపు పైకి పోతుంది. ముసలాయన మంచం ఆ గది గుమ్మం దగ్గరే వేశారు. ఏదైనా కావాలంటే చేతికర్ర చాచి ఆ పైపు మీద కొట్టేవాడు. ఇల్లంతా వినపడేది. ఒక సెలవురోజు మధ్యాహ్నం పైపు మోగింది. కొడుకు విన్నాడు. ‘చెల్లి దిగుతుందిలే’ అనుకున్నాడు. కూతురు వింది. ‘అన్నయ్య పక్కనే ఉన్నాడుగా’ అనుకుంది. ముసలాయన మంచం దిగబోయి నేల మీద పడి, నలభై నిమిషాలు అలాగే ఉన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు బతికాడు. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు మాత్రం ఆరోజుతోనే పోయాయి. కర్మకాండలన్నీ అయ్యాక కొడుకు కిందికి మారాడు, మధ్య అంతస్తు అద్దెకిచ్చారు.

మాటలు పోయాయి గానీ, పైపు పోలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పొద్దున్నే ఆరింటికి కింది నుంచి మూడు దెబ్బలు వినపడేవి. బాబాయ్ పానాతో కొట్టేవాడు. ఉన్నావా? అని. పైనుంచి రెండు దెబ్బలు. ఉన్నాను. అంతటితో ఆ రోజు పలకరింపు అయిపోయినట్టే. అద్దెకి దిగిన కొత్తలో డ్రైవరు సెలవురోజున నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. "ఇదేం ఇల్లే బాబూ, స్టేషన్లో గంట కొట్టినట్టు కొడతారు?" అని విసుక్కునేవాడు. తర్వాత అలవాటైపోయింది.

చిన్నది పుట్టిన రెండో నెలలో చెవులక్క స్నానాల గదిలో పైపు పగిలింది. ప్లంబరొచ్చాడు. చిల్లుపడిన చోట మీటరు పొడవు ఇనుము కోసేసి, ప్లాస్టిక్ ముక్క అతికించి వెళ్లిపోయాడు. నీళ్లు నిక్షేపంగా వచ్చాయి. ఎవరూ ఏమీ ఆలోచించలేదు.

మర్నాడు ఆరింటికి కింది నుంచి మూడు దెబ్బలు. పైనుంచి జవాబు లేదు. మళ్లీ మూడు. ఇంకా గట్టిగా మూడు. చంటిపిల్లని భుజాన వేసుకుని గిన్నెలో పాలు కలుపుతున్న చెవులక్కకి అప్పుడు వెలిగింది. ఇనుములో శబ్దం పరిగెడుతుంది, ప్లాస్టిక్‌లోకి వచ్చేసరికి చచ్చిపోతుంది. బాబాయ్ కొట్టింది పైకి వెళ్లడం లేదు. ఇంతలో కింద తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మెట్ల దగ్గరికొచ్చి తొంగి చూసింది. బాబాయ్ ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి, మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. చేతిలో స్టీలు చెంచా ఉంది. స్నానాల గదిలోకి పరిగెత్తి, ప్లాస్టిక్ ముక్కకి కింది వైపు ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టింది. మెట్టు మీది కాలు వెనక్కి తీసుకున్నాడాయన. తలుపు మూసుకుంది. అప్పుడు పై వైపు ఇనుము మీద మూడు దెబ్బలు కొట్టింది. వెంటనే రెండు వచ్చాయి. అత్తయ్య బాగానే ఉంది. మరైతే తను చెప్పింది అబద్ధం కాదన్నమాట. రేపు ఇద్దరికీ సంగతి చెప్పేద్దాం అనుకుంది.

ఆ రేపు ఎనిమిదేళ్లు రాలేదు.

రోజూ ఆరింటికి చెంచా పట్టుకుని నిలబడేది. కింది నుంచి మూడు వస్తే పైకి మూడు. పైనుంచి రెండు వస్తే కిందికి రెండు. "నీకు ఆసుపత్రిలో జీతమిస్తారు, ఇక్కడేమిస్తారే?" అనేవాడు డ్రైవరు. ఎవరి పెళ్లికీ ముగ్గురూ కలిసి వెళ్లింది లేదు. ఆమె ఊరెళితే ఆయన షిఫ్టు మార్చుకుని చెంచా పట్టేవాడు. "మా ఆవిడకి పైపు డ్యూటీ ఉంది" అని డిపోలో చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనకీ మొహమాటమే.

ఆరు రోజులు మాత్రం ఆమె ఒకరి దెబ్బలు ఇంకొకరికి మోయలేదు, సొంతంగా కొట్టింది. నాలుగుసార్లు బాబాయ్ జ్వరంతో లేవలేదు. రెండుసార్లు అత్తయ్య నిద్రపట్టక మాత్ర వేసుకుని పడుకుండిపోయింది. ఆ రోజుల్లో ముందు చెంచాతో రెండోవాళ్లకి ధైర్యం చెప్పి, తర్వాత పరిగెత్తి చూసొచ్చేది. మందులిచ్చేది, గంజి కాచిచ్చేది. ఒకరి సంగతి ఒకరికి తెలియనిచ్చేది కాదు. దేనికి అనవసరంగా కంగారుపెట్టడం అనుకునేది.

ఒక్కటి మాత్రం ఆమెకి అంతుపట్టేది కాదు. బాబాయ్ చెవులు ఏటికేడాది పాడవుతున్నాయి. ఎదుట నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. ఆసుపత్రికి రండి, పరీక్ష చేస్తానంటే, "నాకు వినపడాల్సినవి వినపడుతున్నాయిలే అమ్మాయ్" అని కొట్టిపారేసేవాడు. మరి ఈ రెండు దెబ్బలు ఎలా వింటున్నాడు?

ఇలా ఉండగా అత్తయ్య మోకాళ్లు మొరాయించాయి. పైకప్పు రెండు చోట్ల కారడం మొదలుపెట్టింది. ఇల్లు అమ్మేద్దామని ఆవిడ ఏజెంటు చేత అన్నకి కబురు పంపింది. సరేనని ఆయన ఏజెంటు చేతే కబురు పంపాడు. బోర్డు పడింది.

మనుషులు చూడ్డానికి రావడం మొదలైంది. చెవులక్క గదులన్నీ అద్దంలా సర్ది, చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన ఇంట్లోనే చుట్టంలా కూర్చునేది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పిల్లల ఆసుపత్రిలో నర్సమ్మ. తను, తల్లి కింద ఉంటారట, అన్నా వదినా పిల్లలు పైన ఉంటారట. "మధ్యలో మీరు ఉండండి, మీకేం ఇబ్బంది లేదు. మా వదిన పిల్లలు నెత్తి మీద గుర్రాల్లా పరిగెడతారు, దానికి మీరు ఒప్పుకుంటే చాలు" అంది నవ్వుతూ. కాకపోతే బ్యాంకు కాగితాలకి రెండు నెలలు పడుతుందంది. రెండో ఆయన మెత్తటి బూట్లతో చప్పుడు లేకుండా తిరిగాడు. ఇల్లు మొత్తం కలిపి ఒకే కాపురంగా చేసుకుంటాడట. చెవులక్క వంటగదిలో పొయ్యి ముందు నిలబడి, "ఇదంతా తీసేస్తే ఇక్కడ లోపలి మెట్లు వస్తాయి" అన్నాడు ఏజెంటుతో. పొయ్యి మీద టీ మరుగుతూనే ఉంది.

చెవులక్క వాళ్లకి అందుబాటులో ఉన్న అద్దెకి ఇల్లు ఊరి చివర దొరికింది. డ్రైవరే తీసుకెళ్లి చూపించాడు. ఇల్లు బాగానే ఉంది. స్కూలుకి యాభై రెండు నిమిషాలు. "అక్కడా స్కూళ్లుంటాయే" అన్నాడాయన. "ఉంటాయి. మందు ఎక్కడుందో తెలిసిన టీచరుంటుందా?" అంది.

శనివారం మధ్యాహ్నానికల్లా ఎవరికో ఒకరికి మాటివ్వాలని ఏజెంటు గడువు పెట్టింది. ఏజెంటు అన్నాచెల్లెళ్లని విడివిడిగా అడిగితే, ‘వాళ్లేమన్నారు?’ అని ఇద్దరూ ఎదురడిగారట. "మీరే కాస్త కనుక్కుని చెప్పండక్కా, వీళ్లతో నావల్ల కాదు" అని ఆ అమ్మాయి చేతులెత్తేసింది.

గురువారం సాయంత్రం చెవులక్క పైకెక్కింది. అత్తయ్య కాళ్లకి నూనె రాసుకుంటోంది.

"ఎవరైతేనేమే, ఆ బూట్లాయన దగ్గర డబ్బు సిద్ధంగా ఉందట. వాడికిచ్చి చేతులు దులుపుకుంటే పోలా? రెండు నెలలు ఈ మెట్లెవడెక్కుతాడు?" అంది. ఆగి, "మీ బాబాయ్ ఏమంటాడో కనుక్కో. ఆయనకి ఇష్టం లేనిది నేను చేశానన్న మాట నాకొద్దు" అంది.

కిందికి దిగింది. బాబాయ్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"నాదేముంది అమ్మాయ్, అది ఎటంటే అటు. ఏమందేమిటి?"

ఆ క్షణంలో చెవులక్కకి కనిపించింది రెండు మాటల దూరం. ఇక్కడ ఒక మాట, పైన ఒక మాట. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు సరే అంటారు. ఎవరికీ నష్టం లేదు. నాలుగు నిమిషాల పది సెకన్లు నాలుగు నిమిషాల పది సెకన్లుగానే ఉంటాయి.

"అత్తయ్యకి నర్సమ్మ వాళ్లే నచ్చారట బాబాయ్" అంది.

ఆయన ఆమె పెదాలకేసి చాలాసేపు చూశాడు. "అలాగా" అన్నాడు.

పైన చెప్పాల్సిన రెండో మాట పొద్దున్నే చెబుదామని ఇంట్లోకి వచ్చేసింది. చిన్నది పక్కలో పడుకుని, "అమ్మా, నీ గుండె గట్టిగా కొట్టుకుంటోంది" అంది.

శుక్రవారం ఆరైంది. చెంచా చేతిలో ఉంది. కింది నుంచి ఏమీ రాలేదు.

ఆరూ మూడు. ఆరూ ఐదు. ఆరూ ఏడు. ఇలాంటి రోజున ముందు పైకి మూడు కొట్టి తర్వాత దిగడం ఆమె పద్ధతి. ఆరోజు పద్ధతి గుర్తుకు రాలేదు. నేల మీద నలభై నిమిషాలు పడున్న ముసలాయన కళ్లముందు కదిలాడు. నిన్నటి అబద్ధానికి ఆయనకి ఏదైనా అయిందేమోనని, సైన్సు చదివిన మనిషికి రాకూడని ఆలోచన ఒకటి వచ్చింది. చెంచా పట్టుకునే మెట్లు దిగింది.

తలుపు ఓరగా తెరిచే ఉంది.

"బాబాయ్!"

స్నానాల గదిలో ముక్కాలిపీట మీద, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిక్షేపంలా కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పానా. ఎడమ అరచెయ్యి పైపు మీద ఆనించి ఉంది.

"ఏమైంది బాబాయ్? ఒంట్లో బాలేదా? ఎందుకు కొట్టలేదు?"

"కొట్టకపోతే ఏమవుతుందో చూద్దామని. దెబ్బలొస్తాయా, మనిషొస్తుందా అని. నువ్వే వచ్చావు."

ఆయన పైపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"నాకు చెవులు పోయి పదేళ్లయిందమ్మాయ్. ఈ దెబ్బలు నేను చెవులతో వినను. లేత్ మీద పనిచేసినవాడికి చెవి కన్నా చెయ్యి నయం. ముక్క సరిగ్గా తిరుగుతోందో లేదో చెయ్యి పెడితే తెలిసిపోతుంది. మా చెల్లి ఉంగరంతో కొడుతుంది. మొదటిది గట్టిగా, రెండోది సగం. చిన్నప్పుడు తలుపు కొట్టినా అంతే. ప్లంబరు వచ్చి వెళ్లిన మర్నాటి నుంచి రెండూ సమానంగా వస్తున్నాయి. కొలిచి కొట్టినట్టు."

"ఎనిమిదేళ్లూ తెలుసా?"

"తెలుసు. అది బతికుందని తెలిస్తేనే నువ్వు కొడతావని కూడా తెలుసు. నేరుగా వినపడకపోతేనేం, నమ్మకమైన మనిషి చేత కబురొస్తోంది కదా అనుకున్నాను." పానాని ఒళ్లోంచి తీసి నేల మీద పెట్టాడు. "నిన్న సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను."

చెవులక్క చేతిలోని చెంచాకేసి చూసుకుంది.

"మా చెల్లి పుట్టిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్కటి ‘నచ్చింది’ అన్న పాపాన పోలేదు. స్వర్గానికి తీసుకెళ్లినా గుమ్మం ఎత్తు తక్కువంటుంది. నిన్న నువ్వు తెచ్చిన మాట కూడా సమానంగా ఉందమ్మాయ్. అది నీ దెబ్బ. దానిది కాదు."

ఆమె గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఏం చెప్పాలో వెతుక్కుంటూ ఉండగా మెట్ల మీద చప్పుడైంది. ఒక అడుగు, ఒక చేతికర్ర, ఒక మూలుగు. మళ్లీ ఒక అడుగు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పైకి మూడు కొట్టలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి అత్తయ్యకి పొద్దున్నే ఏ దెబ్బా వినపడలేదు.

గుమ్మంలో అత్తయ్య నిలబడింది. జుట్టు ముడి లేదు. కాళ్లకి చెప్పులు లేవు. ఊపిరి ఎగపోస్తోంది. అన్నని ఎగాదిగా చూసింది.

"చచ్చావనుకున్నాను" అంది.

"ఇంకా లేదు" అన్నాడు పెదాలు చూసి.

"చావకపోతే ఆ గడ్డం గీసుకోవడానికేం రోగం?"

ఇరవై ఐదేళ్ల తర్వాత ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలివి. చెవులక్క ఇద్దరి మధ్యా నేల మీద కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ల కిందట ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి ఆగిన బాబాయ్ గుర్తొచ్చాడు. ఆరోజు తను రెండు దెబ్బలు కొట్టకుండా ఉండుంటే ఆయన రెండో మెట్టు ఎక్కేవాడు. ఆ తర్వాత మూడోది. తను రోజూ ఇద్దరికీ ధైర్యం పంచాననుకుంది. నిజానికి ఆ ధైర్యమే వాళ్లని ఎవరి గదిలో వాళ్లని కూర్చోబెట్టింది.

లేచి నిలబడింది. మొదటి నుంచీ చెప్పింది. ప్లాస్టిక్ ముక్క, చెంచా, మోసినవి, మోయకుండా కొట్టినవి ఆరు. ఏ రోజులో కూడా చెప్పింది. నిన్నటి అబద్ధమూ చెప్పింది. అత్తయ్య వింటున్నంతసేపూ వేలికున్న ఉంగరం తిప్పుకుంటూనే ఉంది.

"ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసులో చేశాను" అంది చివరికి. "చిరిగిన ఉత్తరాలు చూశాను, తడిసినవి చూశాను. చేరవేసేవాడు లోపల ఒక్క అక్షరం రాయడం చూడలేదు."

"తప్పే అత్తయ్యా."

"ఎందుకు చేశావ్ మరి? నిన్నటిది?"

"ఈ ఇల్లు వదలడం నాకు ఇష్టం లేదు. పిల్లకి ఆయాసమొస్తే నాలుగు నిమిషాల్లో స్కూల్లో ఉండగలను. ఊరి చివరికి పోతే నా చేతిలో ఏమీ ఉండదు. నర్సమ్మ వాళ్లకి ఇవ్వండి. ఇది బాబాయ్ మాటా కాదు, మీ మాటా కాదు. నేనే అడుగుతున్నాను."

"ఇదే ముక్క నిన్న నా మొహాన అడగొచ్చుగా!"

"అడగడానికి నోరు రాలేదు."

"అబద్ధానికి మాత్రం వచ్చిందా?"

బాబాయ్ వాళ్లిద్దరి పెదాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. కొంత అందింది, కొంత అందలేదు. అత్తయ్య పీట కోసం చుట్టూ చూసింది. ఆయన లేచి తను కూర్చున్నదే ఇచ్చి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"నువ్వు పైకి పో" అంది అత్తయ్య చెవులక్కతో. "పిల్ల లేస్తుంది. ఇవాళ నువ్వు మోయడానికేం లేదు ఇక్కడ."

చెవులక్క మెట్లెక్కుతుంటే వెనక తలుపు మూసుకుంది. వంటగదిలో నిలబడితే కింది నుంచి గొంతులు వినపడ్డాయి. ఆవిడది అరుపు, ఆయనది గొణుగుడు. మాటలు విడిగా తెలియడం లేదు. చెవి ఒగ్గితే తెలిసేవేమో. ఆమె కుళాయి తిప్పి, ఉన్న గిన్నెలన్నీ తోమింది. తోమినవే మళ్లీ తోమింది. చిన్నది లేచొచ్చి, "ఇవాళ కొట్టలేదేం?" అని అడిగితే, "వాళ్లే చెప్పుకుంటున్నారు" అంది.

ఏం మాట్లాడుకున్నారో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. శనివారం ఏజెంటుకి ఫోన్ చేసింది అత్తయ్యే. ఇల్లు నర్సమ్మ వాళ్లకి ఖాయమైంది. ఆ రెండు నెలలూ అత్తయ్య ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంది, ప్రతి మెట్టుకీ ఒక తిట్టు తిడుతూ. చెవులక్కతో మాత్రం మొదటి పది రోజులు ముభావంగానే ఉంది. పలకరిస్తే ఊ అనేది. పదకొండో రోజు గుమ్మంలో ఆగి, "రాత్రి పిల్ల దగ్గు వినపడింది. మందు వేశావా?" అని అడిగింది. వేశానంది. "ఊ" అని పైకెక్కింది. బాబాయ్ మెట్ల మలుపులో కనపడి, "నీ కోసమేం కాదులే, పొంగిపోకు. ఆ బూట్లాయన మా నాన్న వేసిన మెట్లు పీకేస్తానన్నాడట, అది విని మా చెల్లికి మండింది" అన్నాడు. రోజూ ఆ మెట్లని తిట్టేది కూడా ఆవిడేనని ఇద్దరికీ తెలుసు.

అన్నాచెల్లెళ్లు లిఫ్టున్న అపార్ట్‌మెంట్లో ఎదురెదురు వాటాలు తీసుకున్నారు. చూసొచ్చిన రోజు అత్తయ్య పెదవి విరిచింది. "అక్కడ పైపులన్నీ ప్లాస్టిక్కేనట. ఇక నోటితోనే ఏడవాలి."

వాళ్లు మారిపోయిన మూడో వారంలో ఒకరోజు ఆసుపత్రిలో చెవులక్క తర్వాతి చీటీ పిలిచింది. తలుపు తోసుకుని బాబాయ్ వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు. వెనకాల అత్తయ్య.

"ఎంత అరిచినా సగమే వింటున్నాడు. నా గొంతు పోతోంది. చూడు, ఏమైనా మిగిలుందేమో" అని కుర్చీలో కూలబడింది.

ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించింది. "వినపడితే చెయ్యెత్తండి బాబాయ్. వినపడకపోతే ఊరుకోండి."

సన్నటి శబ్దాలు వినిపించింది. చెయ్యి లేవలేదు. ఇంకా సన్నవి. లేవలేదు. బొంగురువి మొదలుపెట్టాక ఒకటి, కాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాత ఎప్పట్లాగే ఏమీ వినిపించకుండా ఊరుకుంది. ఐదు సెకన్లు. ఎనిమిది. పన్నెండు దాకా ఆగింది. ఎందుకు ఆగిందో తనకే తెలియదు. కిటికీలోంచి ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ల మీద బల్లపరుపుగా పెట్టుకుని అలాగే ఉన్నాడు. చెయ్యెత్తలేదు.

కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకుంది.

బయటికొచ్చేసరికి అత్తయ్య కుర్చీ అంచు మీదికి జరిగి ఉంది. "ఏమంటావ్? అసలు ఏమైనా వినపడుతోందా ఈ మనిషికి?"

"సన్నటి శబ్దాలు పోయాయి అత్తయ్యా. చెవికి మిషన్ పెడితే కొన్ని తిరిగొస్తాయి, అన్నీ రావు. మీ గొంతు వినపడుతుంది. దూరం నుంచి అరిస్తే లాభం లేదు. కాస్త దగ్గరికెళ్లి మెల్లిగా చెప్పాలి."

అత్తయ్య గాజు గదికేసి చూసింది. లోపల ఆయన హెడ్‌ఫోన్లు తీయడం తెలియక కేబుల్‌తో కుస్తీ పడుతున్నాడు. ఆవిడ కర్ర అందుకుని, మోకాళ్లని తిట్టుకుంటూ లేచి, ఆ గదివైపు నడిచింది.